మూడు వేల తెల్లకణాలు

తిరువూరు ఖాజావలిది మామిడి వ్యాపారం. తోట పూత మీద ఉండగానే బేరం తేల్చేసేవాడు. రెడ్డిగూడెం వైపు ఏ తోటకెళ్లినా ఒక్క చుట్టు తిరిగేవాడు. పూత దట్టంగా ఉంటే సరే అనేవాడు, పలచగా ఉంటే నోరు మెదపకుండా సైకిలెక్కేవాడు. ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్న నమ్మకం తోటల్లో అతన్ని ఏనాడూ ముంచలేదు. ఆసుపత్రిలో మాత్రం కొంప ముంచబోయింది.

1976 వేసవిలో ఆరేళ్ల కూతురు గౌసియాకి జ్వరం పట్టుకుని వదల్లేదు. దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు తేలాయి. గుంటూరు తీసుకెళితే రక్తం పరీక్ష చేసి, రక్తంలో క్యాన్సరన్నారు. పక్క మంచం మీదున్నది బసవపున్నయ్య అనే పత్తి రైతు కొడుకు, వాడిదీ అదే జబ్బు. తండ్రులిద్దరూ వరండాలో కలిశారు.

"మావాడికి తెల్లకణాలు లక్ష దాటాయంటండీ. మీ పాపకి?" అనడిగాడు బసవపున్నయ్య.

"మూడు వేలేనంటండీ."

బసవపున్నయ్య మొహం చిన్నబోయింది. "జబ్బుతో పోట్లాడేవి అవేనంట. పోన్లెండి, పైవాడున్నాడు," అంటూ తన క్యారేజీలోంచి ఇడ్లీలు తీసిపెట్టాడు.

పలచటి పూత నిలవదని ఖాజావలికి తెలియంది కాదు. పిల్లని సూదులతో హింస పెట్టడం దేనికి, ఉన్న నాలుగు రోజులూ తల్లి జైనాబీ ఒళ్లో గడిపితే చాలనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే బట్టలు మూటగట్టి, గౌసియాని భుజానేసుకుని బయల్దేరాడు.

గుమ్మంలో డాక్టరు సరోజినీదేవి ఎదురైంది. "ఎక్కడికయ్యా?"

"ఊరికెళ్లిపోతామండి. మూడు వేలతో ఏం బతుకుద్దండీ?"

ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపమొచ్చింది, అంతలోనే జాలేసింది. "ఈ జబ్బులో పెరిగేవి మంచి కణాలు కాదయ్యా, చెడ్డవి. మొదటి పరీక్షలో తెల్లకణాలు తక్కువుంటే మందు బాగా పట్టే అవకాశం ఎక్కువ. ఖాయంగా చెప్పలేను గానీ, ఈ వార్డులో నాకు ఎక్కువ ఆశ ఉన్నది ఈ పిల్ల మీదే. తీసుకెళ్లి పడుకోబెట్టు."

ఖాజావలి గోడకి చేరగిలబడి, కూతుర్ని హత్తుకుని ఏడుస్తూనే నవ్వాడు. గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఊపిరాడట్లేదు, వదలమని గౌసియా విసుక్కుంటే ఆ విసుగు కూడా ముద్దొచ్చింది. డాక్టరమ్మ ఆశ వమ్ము కాలేదు, పిల్ల బతికి బట్టకట్టింది. అది తర్వాతి మాట.

అతను మంచం దగ్గరికి రాగానే బసవపున్నయ్య ఆత్రంగా లేచాడు. "డాక్టరమ్మ ఏమన్నారండీ?"

అప్పుడు గుర్తొచ్చింది ఖాజావలికి, పక్క మంచం కుర్రాడి లక్ష సంగతి. "మందు పడుతుందన్నారండీ," అన్నాడు మెల్లగా.

"నేను చెప్పలా," అంటూ సొంతబిడ్డకే గండం గడిచినట్టు మురిసిపోయాడు బసవపున్నయ్య. "మీ మూడు వేలకే పడితే, మావాడి లక్షకి ఇంకెంత బాగా పట్టాలండీ."

ఖాజావలి ఆ కుర్రాడి మంచం అంచున కూర్చుని, జారిన దుప్పటి పైకి లాగాడు.