నీళ్ల నడుమ ఉన్న అక్కకు ఒడిబియ్యం

మా అక్క నర్సవ్వ చలికాలమంతా నీళ్ల నడుమ ఉంటుంది. బాల్కొండ అవతల శ్రీరాంసాగర్ జలాశయం నిండితే కొన్ని గుట్టలు దీవులైపోతాయి. అలాంటి ఒక గుట్ట మీద చేపలు పట్టే నాలుగు కుటుంబాలు గుడిసెలు వేసుకుంటాయి. అందులో అక్కాబావలది ఒకటి.

దసరా నుంచి అక్కకు ఆయాసం. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో చూసిన డాక్టరు గుండెలో వాల్వు చెడిందన్నాడు, చలి ముదరకముందే పెద్ద దవాఖానలో చూపించాలన్నాడు. అక్క అన్నిటికీ తలూపింది, మళ్లీ గుట్టకే పోయింది.

ఉత్తగా పిలిస్తే రాదు. అందుకే తల్లిగారు ఆడబిడ్డ ఒడిలో పోసే ఒడిబియ్యం కోసం ఐదు సేర్ల బియ్యానికి పసుపు, నూనె పట్టించి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, చీర పెట్టి మూట కట్టాను. అమ్మానాన్నా పోయారు, అన్నదమ్ములు లేరు. ఇప్పుడు అక్కకు తల్లిగారిల్లంటే బోధన్‌లో ఉన్న మా ఇల్లే. ఒడి నిండిన ఆడబిడ్డ అందులోంచి ఐదు పిడికిళ్లు తీసి తల్లిగారింట్లో తన చేత్తో పెట్టాలి. గుట్ట మీద ఒడి నింపితే, ఆ ఐదు పిడికిళ్ల కోసమైనా బోధన్‌కు రాక తప్పదు కదా అని నా ఉపాయం.

పొద్దున ఆరింటికి బోధన్‌లో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు, కార్డు మరిచిపోకండి. దారంతా చెరుకు ట్రాక్టర్లే, బస్సు ముందుకు కదలదు. పక్క సీట్లో గాజులమ్మే ముస్లిం ఆపా నా మూట తడిమి చూసింది.

“గంత బియ్యం ఎక్కడికి చెల్లె?”

“మా అక్క ఒడి నింపనీకె, ఆపా.”

“అరె, ఆడబిడ్డ తల్లిగారింటికొస్తది గని, తల్లిగారిల్లే బస్సెక్కి పోతదా?”

నవ్వి, మూట ఒళ్లోకి లాక్కున్నాను.

ఏడున్నరకు నిజామాబాద్. ముప్పై రూపాయల ఇడ్లీ సగం తిని వదిలేశాను. ఎనిమిదింటి బస్సు తొమ్మిదిన్నరకు బాల్కొండలో దింపింది. అక్కడి నుంచి ఒడ్డుకు ఆటోలో నలభై రూపాయలు. మంచు ఇంకా విడవలేదు. పడవ వచ్చేదాకా గంటన్నర ఒక్కచోట కూర్చోలేదు, ఒడ్డు పొడుగునా తిరిగాను.

పడవ కనబడింది. తెడ్డు వేస్తున్నది అక్క. కొన్ని తెడ్లు వేసి ఆగుతుంది, గాలి పీల్చుకుని మళ్లీ వేస్తుంది. వల గుంజేది బావ, పడవ నడిపేది అక్క. పెళ్లయినప్పటి నుంచి వాళ్ల పని అట్లాగే.

“ఏందే సాయవ్వ, ఇల్లు ఖాళీ జేసి అచ్చినవా? గీ మూటేంది?” అంది, దగ్గుతూనే.

రెండు రాత్రులున్నాను. జొన్నరొట్టె, చేపల పులుసు అమృతంలా ఉన్నాయి. గుడిసెలో రెండు దుప్పట్లు కప్పుకున్నా చలి ఆగదు. చేపలు ఎండబెడుతున్నా, అంట్లు తోముతున్నా నాది ఒక్కటే మాట, నాతో రమ్మని.

“నేనస్తే తెడ్డు ఎవలేస్తరే? మీ బావకు రెండే చేతులు.”

“తీస్కపో మరదలా, నేను అద్దన్ననా?” అన్నాడు బావ. “ఈ పడవకు ఆమెనే పెద్దసాబ్.”

మూడో రోజు పొద్దున పక్క గుడిసెల ఆడవాళ్లను పిలిచి అక్క ఒడి నింపాను. కొత్త చీర కొంగులో బియ్యం బరువుకు ఆమె కాసేపు లేవలేకపోయింది. తర్వాత ఐదు పిడికిళ్లు తీసింది, నా కొంగు లాగి అందులో ముడివేసింది.

“నువ్వే పెట్టుకో నీ ఇంట్ల. సిన్నప్పటి సంది నీ జిత్తులు నాకెర్కలేవా?”

నా ఉపాయం అక్కడికక్కడే చచ్చింది.

పదకొండింటికి అక్కాబావలు నన్ను ఒడ్డున దించారు. ఆటో తయారుగా ఉంది. ఎక్కబోయి ఆగాను, ముడి విప్పి ఆ బియ్యం తిరిగి అక్క కొంగులోనే పోశాను.

“నీ చేత్తోనే పెట్టాలె. నేను పెడితే కిరాణం బియ్యమే.”

అక్క ముఖం ఎర్రబడింది. “తల్లిగారింటికిచ్చిన బియ్యం మర్లగొడ్తవా? బుద్ధున్నదానే?”

“లేదు. నువ్వొచ్చి చెప్పు.”

అక్క నన్ను గట్టిగా పట్టుకుంది. ఆమె ఎదురొమ్ములో గరగరమనే చప్పుడు నాకు తెలుస్తూనే ఉంది. “మంచు తగ్గనీ, సూద్దాం” అంది. వస్తానని చెప్పించలేకపోయాను. ఒక చేత్తో కొంగు నడుముకు దోపుకుని పడవెక్కింది. పడవ చుక్కంతయ్యేదాకా చూశాను, ఆటో ఆయన గొణుగుతున్నా.

బాల్కొండలో ఒంటిగంట బస్సు, నిజామాబాద్‌లో మూడింటి బస్సు. గుట్ట మీద సిగ్నల్ ఉండదని తెలిసీ దారిలో నాలుగుసార్లు ఫోన్ చేశాను.

వెళ్లాలనుకుంటే చలికాలమే బాగుంటుంది. నీళ్లు నిండుగా ఉంటాయి, ఎక్కడెక్కడి పక్షులో వస్తాయి. స్వెట్టరు మరవకండి. పడవకు మనిషికి యాభై తీసుకుంటారు. తెడ్డు వేసే ఆడమనిషి మిమ్మల్ని తిట్టుకుంటూ ఎక్కించుకుంటే ఆమె మా అక్కే. బోధన్‌లో చెల్లె చూస్తోందని చెప్పండి. తెడ్డు ఇంకొకరి చేతిలో ఉంటే ఏమీ అడగకండి. నర్సవ్వ చెల్లె ఇంటికి పోయిందనుకోండి.

నేనూ అదే అనుకుంటాను, దారిలో ఉందని.