మిర్చి బస్తాల నడుమ సవారీ

యాభై నాలుగేళ్లు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. అందుకే ఇది ఇన్నాళ్లూ రాయలేదు. రాయగలిగినవాళ్లకేమో ఇది రాయాలనిపించలేదు. నిరుడు బస్తీలో సాయంత్రం బడికి పోయి నేర్చుకున్నాను.

బేగం బజార్‌లో ఒక మిర్చి దుకాణంలో నేను కూలిని. పగటిపూట సామాన్ల ట్రాలీలు ఆబిడ్స్ వైపు రాకూడదని రూలు పెట్టారు, రద్దీ తగ్గాలట. హోటల్లో కూర్చుని తినడం తెలుసు గాని, ఆ కూరలోకి మిర్చి ఎట్లా వస్తుందో ఆ పెద్దమనుషులకు తెలియదు. మా సేటు ఒక్క పూటలో ఉపాయం కనిపెట్టాడు. సవారీ ఆటోలో మూడు బస్తాలు ఎక్కించి, నడుమ నన్ను కూర్చోబెట్టేవాడు. మనిషి ఉంటే అది సవారీ, లేకుంటే సరుకు. ఒక్క ట్రాలీ మోసే సరుకును ఇప్పుడు నాలుగు ఆటోలు మోస్తున్నాయి. రద్దీ తగ్గిందని వాళ్లు, తెలివి చూపించానని సేటు, అందరూ మురిసిపోయారు.

నాంపల్లి మలుపులో పోలీసాయనకు అంతా తెలుసు. అయినా అడిగేవాడు.

"గింత మిర్చి ఏం జేస్తవమ్మా?"

"బిడ్డ పెండ్లి సారూ."

"మొన్న గూడ బిడ్డ పెండ్లే అంటివి?"

"గది పెద్దబిడ్డ సారూ."

"ఎంతమందమ్మా నీకు?"

"మీ రూలు తీసేదాంక పుడుతనే ఉంటరు."

నవ్వి వదిలేసేవాడు. నాకు బిడ్డలే లేరు.

ఒకనాడు సేటు నాలుగో బస్తా కూడా ఎక్కించాడు. ఆ మలుపులోనే ఆటో గట్టిగా బ్రేకు వేస్తే రెండు బస్తాలు నా మోకాలి మీద పడ్డాయి. అక్కడి పోలీసు చౌకీలో జరిగింది కాగితం మీద రాశారు. సేటు ఉరికొచ్చి నా చెవిలో, "సవారీనని చెప్పు అక్కా. కూలి అంటే దవాఖాన ఖర్చు నా నెత్తిన పడ్తది" అన్నాడు. అప్పటిదాకా నేను వాడికి "ఏయ్"నే.

కాగితం చదివాను. 'సొంత సామానుతో వెళ్తున్న ప్రయాణికురాలు' అని ఉంది. ఎదురుగా బస్తాల మీద సేటు దుకాణం ముద్ర ఎర్రగా కనబడుతూనే ఉంది. పని పోతుందన్న భయంతో సంతకం చేశాను. అక్షరాలు వచ్చాక నేను చేసిన మొదటి సంతకం అది. రూలు పెట్టినవాళ్లకంటే, సేటుకంటే, ఆ వంకర సంతకమే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

మరునాడు పొద్దున కుంటుకుంటూ చౌకీకి పోయి అక్కడి పోలీసాయనను ఆ కాగితం అడిగాను.

"సంతకం జేసినవు గదా, ఇంకేందమ్మా?"

"జర తప్పున్నది సారూ, దిద్దాలె."

పెన్ను తీసుకుని నా సంతకం కింద రాశాను: నేను సవారీ కాదు, మిర్చి దుకాణం కూలిని. బస్తాలు సేటువి. దాని మీద చౌకీ ముద్ర కొట్టేదాకా బల్ల మీంచి లేవలేదు.