మెడ వెనక నలుపు

2022 వేసవి. విశాఖపట్నం వన్ టౌన్‌లో, హోల్‌సేల్ కొట్లున్న వీధికి వెనక సందులో నాకొక సెలూన్ ఉంది. మా నాన్న పెట్టిన షాపు. పోర్టులో పనిచేసేవాళ్ళు, కొట్లలో మూటలు మోసేవాళ్ళు, ఆటోవాళ్ళు, గుమస్తాలు, వీళ్ళే నా గిరాకీ. చాలామంది నన్ను సూరిబావ అంటారు. నేనూ వాళ్ళని బావా అనే పిలుస్తాను. ఈ పనిలో ఎన్నో తలలు చూశాను. పెళ్ళికొడుకులకి గడ్డాలు గీశాను, పుట్టువెంట్రుకలు తీశాను, చావులకి గుండ్లు చేశాను. వాటన్నిటిలో నన్ను వదలకుండా ఉన్నది నూకరాజు ఇంటి సంగతి.

అది చెప్పాలంటే ముందు నర్సు కుమారి గారి గురించి చెప్పాలి. మా వార్డు ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తారు. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

“సూర్యారావు గారూ, మా సెంటర్‌కి మగవాళ్ళు రారండీ. జ్వరం వస్తే మాత్రకి భార్యని పంపిస్తారు. మీ దగ్గరికి మాత్రం ఎవరూ పిలవకుండానే వస్తారు. మంగళవారం మీకు సెలవు కదా, సాయంత్రం ఒక గంట షాపు ఇవ్వగలరా?” అని అడిగారు.

మగవాళ్ళకి షుగర్ రాకముందే జాగ్రత్తలు నేర్పే కార్యక్రమం అది. టేపు పెట్టి నడుము కొలుస్తారు. ఏం తింటున్నారో, ఎంత నిద్రపోతున్నారో అడుగుతారు. ఆ తరువాత అందరూ కలిసి బీచ్‌లో కోస్టల్ బ్యాటరీ అనే చోటి దాకా నడిచి వస్తారు. అంతే. నేను సరేనన్నాను.

ఆవిడ నాకూ ఒక పని అప్పగించారు. జుట్టు కత్తిరించేటప్పుడు చివరగా మెడ వెనక ట్రిమ్మర్‌తో శుభ్రం చేస్తాం. ఆ గీతని మేం నెక్ లైన్ అంటాం. అక్కడ కొందరికి చర్మం మందంగా, మఖమల్ గుడ్డలా నల్లబడి ఉంటుంది. నేను ఎన్నోసార్లు చూసిందే. ఎండకి కమిలిందనుకునేవాణ్ణి. ఆవిడ తన ఫోనులో ఫొటోలు చూపించి చెప్పారు.

“డాక్టర్లు దీన్ని అకాంథోసిస్ నైగ్రికన్స్ అంటారు. పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యకపోతే కొందరికి ఇలా వస్తుంది. ఇది ఉందంటే షుగర్ వచ్చేసిందని కాదు. వేరే కారణాలూ ఉంటాయి. కానీ కనిపిస్తే టెస్టు చేయించుకోమని చెప్పండి. నలుగురిలో మాత్రం అనకండి.”

నేను మొదట చెప్పింది నూకరాజుకే.

నూకరాజు పోర్టులో క్రేన్ ఆపరేటరు. నలభైకి కాస్త అటూ ఇటూ. షిఫ్టంతా పైన క్యాబిన్‌లో కూర్చునే పని. పొట్ట పెరిగింది, కాళ్ళు సన్నబడ్డాయి. ఎండాకాలంలో కూడా చొక్కా కాలరు పైకి లేపుకుని తిరిగేవాడు. ఆ రోజు మంచి ఉత్సాహంగా వచ్చి కూర్చున్నాడు. ఎలమంచిలి దగ్గర పల్లెలో వాళ్ళన్న అప్పలనాయుడు కొత్త ఇల్లు కట్టాడు. ఎల్లుండి గృహప్రవేశం.

“బావా, ఈ మెడకి బ్లీచ్ ఎయ్యి. ఫొటోల్లో నల్లగా పడతాది. మా ఆవిడ రోజూ తోముతాది, పోదు” అన్నాడు.

పక్క కుర్చీలో ఉన్న మనిషి లేచి వెళ్ళేదాకా గడ్డం పని చూస్తూ ఆగాను. అప్పుడు నెమ్మదిగా అన్నాను.

“ఇది మురికి కాదు బావా. తోమితే పోదు. ఓపాలి షుగరు టెస్టు సేయించుకో.”

అద్దంలోంచి నా వైపు చూశాడు. ముఖంలో నవ్వు పోయింది.

“నాకు షుగరేటి? ఎవుడు సెప్పేడు నీకు?”

“ఎవుళూ సెప్పలేదు. ఈ నలుపు సూసి అడుగుతన్నాను. ఇలగుంటే టెస్టు సేయించమని నర్సమ్మ సెప్పింది.”

“క్రేను మీద కూకునీవోణ్ణి నాను. షుగరని మాట బయటికెల్తే కిందకి దింపేత్తారు. నా పెళ్ళాం పిల్లలకి నువ్వు కూడెడతావేటి?” గుడ్డ తనే విప్పుకుని లేచాడు. “గెడ్డం గీసీవోడివి గెడ్డం గియ్యి బావా. డాక్టరు పని డాక్టరు సేత్తాడు.”

బ్లీచ్ వేయించుకోకుండానే వెళ్ళిపోయాడు. ఆ తరువాత రాలేదు. మా సందు మలుపులో ఇంకొక షాపుంది, అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. నా గుమ్మం ముందు నుంచి వెళ్ళేటప్పుడు తల తిప్పుకునేవాడు. చాలా ఏళ్ళ స్నేహం మాది. కుమారి గారితో చెప్పుకుని బాధపడ్డాను. ఆవిడ అంతా విన్నారు. తరువాత “అంత కోపం వచ్చిందంటే మాట చెవిన పడినట్టే. చూద్దాం” అన్నారు.

వానలు వెనకపట్టాక, ఒక మంగళవారం సాయంత్రం. లోపల కుమారి గారు నలుగురైదుగురికి బీపీ చూస్తున్నారు. బయట ఎవరో నిలబడినట్టు అనిపించి వెళ్ళాను. నూకరాజు. గడ్డం మాసి ఉంది. కాళ్ళకి చెప్పులు లేవు. చెప్పకముందే అర్థమైంది నాకు, ఇంట్లో చావు జరిగిందని.

“అన్న పోనాడు బావా” అన్నాడు.

పొలంలో అప్పలనాయుడికి చెప్పు కరిచి బొటనవేలి పక్కన పుండు పడిందట. నొప్పి తెలియలేదు కాబట్టి పట్టించుకోలేదు. పసుపు అద్దాడు, పనిలోకి వెళ్ళాడు. పాదం వాచి జ్వరం వచ్చాక నూకరాజే కారు మాట్లాడి నగరంలో పెద్దాసుపత్రికి తెచ్చాడు. అక్కడ మొదటిసారి తెలిసింది షుగర్ చాలా ఎక్కువగా ఉందని, అదీ ఎన్నాళ్ళ నుంచో ఉందని. కాలు తీసేశారు. అప్పటికే విషం రక్తంలోకి పాకింది.

“మంచినీల్లడిగేడు. తల ఎత్తి నా సేతి మీద ఎట్టుకుని పట్టేను. అప్పుడు సూసేను బావా, ఆడి మెడ. అచ్చం నాదే.” చెయ్యి తన మెడ మీద పెట్టుకున్నాడు. “నువ్వు నాకు సెప్పినప్పుడే నాను టెస్టుకెల్లుంటే, అన్నని కూడా తీసుకెల్లీవోణ్ణి గదా.”

నేను అతని భుజం పట్టుకుని నిలబడ్డాను.

కాసేపటికి తేరుకుని వచ్చిన పని చెప్పాడు. పదో రోజుకి వాళ్ళ కుటుంబంలో మగవాళ్ళంతా గుండు చేయించుకోవాలి. ఆ ఊరి మంగలి అప్పలసామి తాతకి చేతులు వణుకుతున్నాయి. సాయానికి నేను రాగలనా అని. ఒక ఊరి పనివాడి హక్కులోకి ఇంకొకడు చొరబడడం మాలో పద్ధతి కాదు. “ఆ తాత రమ్మన్నాడా?” అని అడిగాను. అవునన్నాక ఒప్పుకున్నాను.

పొద్దున్నే పాసింజరు ఎక్కి ఎలమంచిలిలో దిగి, ఆటోలో వెళ్ళాను. జీడితోట పక్కన పంపుసెట్టు దగ్గర కార్యం. తాతకి దండం పెట్టాను. “కర్మ సేసీవోడికి నాను మొదలెడతాను, మిగతా వోల్లని నువ్వు సూసుకో నాయనా” అన్నాడాయన. కర్మ చేసేది అప్పలనాయుడు పెద్దకొడుకు గణేష్. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. అచ్యుతాపురం వైపు ఏదో కంపెనీలో షిఫ్టు పని.

గుండు చేసేటప్పుడు తల తడిపి, నడినెత్తి నుంచి కిందకి కత్తి నడుపుతాం. చివరికి మెడ వెనక భాగం వస్తుంది. మనిషి తల పూర్తిగా వంచుతాడు. మెడ మన కళ్ళ ముందు ఉంటుంది. మొదటి మనిషికి ఆ నలుపు చూసినప్పుడు నూకరాజు మాట గుర్తొచ్చింది. రెండో మనిషికీ అదే నలుపు. నూకరాజు పెదనాన్న కొడుకులు, చిన్నాన్న పైడినాయుడు, ఆయన కొడుకు, ఒకరి తరువాత ఒకరు వచ్చి నా ముందు తల వంచారు. ఒకరిద్దరికి లేదు. మిగిలినవాళ్ళందరికీ ఎంతో కొంత ఉంది. తాత చెయ్యి వణికి గణేష్‌కి మెడ దగ్గర ఆగిపోతే, ఆ కాస్తా నేనే పూర్తి చేశాను. పొగ పట్టినట్టు, పలచగా, ఆ కుర్రాడికీ మొదలైంది.

ఎవరికీ ఏమీ చెప్పలేదు. చావు కార్యంలో ఆ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. నలుగురిలో అనొద్దన్న కుమారి గారి మాట కూడా ఉంది.

అందరికన్నా ఆఖర్న నూకరాజు కూర్చున్నాడు. తల వంచి, కిందకి చూస్తూనే అందరికీ వినపడేలా అడిగాడు.

“బావా, మావోల్ల మెడలు సూసేవా?”

నేను అతని తల తడపడం మొదలుపెట్టాను.

“నాను అడుగుతన్నాను. సెప్పు.”

“సూసేను.”

“ఎంతమందికున్నాది?”

“శానా మందికి” అన్నాను.

పైడినాయుడికి కోపం వచ్చింది. “ఇప్పుడీ మాటలేటిరా? మీ అన్నకి నీల్లొదిలీ ఏల” అన్నాడు.

“అన్న గురించే అడుగుతన్నాను సిన్నాన్నా” అన్నాడు నూకరాజు. అతను ఆగలేదు. అన్న మెడ గురించి, తన మెడ గురించి, నేను చెబితే నన్ను తిట్టి వెళ్ళిపోవడం గురించి, అంతా వాళ్ళకి చెప్పాడు. ఇది జబ్బు కాదు, ముందు కనబడే గురుతు అని నేను రెండు ముక్కలు కలిపాను. ఎవరూ లేచి వెళ్ళలేదు. అప్పలసామి తాత తన కత్తి తుడుచుకుంటూ “ఈల్ల నాన్నకీ ఉండీది. ఈల్ల ఇంటి పోలిక అనుకునీవోణ్ణి” అన్నాడు.

గణేష్ తడి చెయ్యి మెడ వెనక రాసుకున్నాడు. “నాకున్నాదా మావా?”

“ఉన్నాది. ఇప్పుడే మొదలు” అన్నాను.

చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు. పని అయ్యాక ఇంటి గుమ్మం దగ్గర ఒక నిమిషం ఊరికే నిలబడి తిరిగి వచ్చేద్దామనుకున్నాను. కొత్త ఇంటికి కట్టిన మామిడి తోరణాలు ఎవరో తెంపేశారు, మేకులకి దారాలు మాత్రం ఉన్నాయి. లోపలి నుంచి అప్పలనాయుడు భార్య ఈశ్వరమ్మ నన్ను పిలిచింది. మూల చాప మీద కూర్చుని ఉంది.

“మెడల గురించి సెప్పేవట గదా బావూ” అంది. “ఆరి మెడ నాను పీసెట్టి తోమీదాన్ని. సబ్బు సరిగా రాసుకోడని తిట్టీదాన్ని. నొప్పెడతాది ఒగ్గీ అనీవోరు. రోజూ సూసినదాన్ని నానే గదా.”

తెలిసి చేసింది కాదమ్మా అన్నాను. ఆమె విన్నదో లేదో. “నా కొడుకు సంగతి సూడు” అంది.

కుమారి గారికి అంతా చెప్పాను. ఆవిడ ఆ ఊరి వైపు నర్సుతో మాట్లాడారు. పెద్దకర్మ అయిన తరువాత ఆ కొత్త ఇంటి వసారాలోనే అందరికీ రక్తపరీక్షలు చేశారు. మూడు నెలల షుగర్ సగటు చూపించే పరీక్ష అది. పైడినాయుడికీ, ఇంకొకరికీ అప్పటికే షుగర్ ఉంది. ఇద్దరు ముగ్గురికి ఏమీ లేదు. నూకరాజూ గణేషూ హద్దు మీద ఉన్నారు. దాన్ని ప్రీ-డయాబెటిస్ అంటారు. షుగర్ ఇంకా రాలేదు, ఇలాగే ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ అని దానర్థం.

“ఇది క్రేన్ మీంచి దింపేసే జబ్బు కాదు నూకరాజు గారూ. ఇప్పుడు జాగ్రత్తపడేది క్రేన్ నిలబెట్టుకోవడానికే” అని కుమారి గారు చెప్పినా అతనికి భయం పోలేదు. అయినా మంగళవారాలు రావడం మొదలుపెట్టాడు. క్యాబిన్‌లోకి కూల్‌డ్రింకు సీసా తీసుకెళ్ళడం మానేశాడు. భార్య అన్నం తగ్గించి కూర, పప్పు ఎక్కువ పెట్టింది, పొద్దున్న చోడి అంబలి, అంటే రాగి జావ, ఇచ్చింది. పోర్టు గేటు దాకా ఆటో ఎక్కకుండా నడిచేవాడు. అంతా సాఫీగా సాగిందని చెప్పను. మధ్యలో స్నేహితులతో మందు పార్టీలు మొదలై నెలన్నర పైగా ముఖం చూపించలేదు. మళ్ళీ వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. కుమారి గారు టేపు తీసి నడుము కొలిచారు, అంతే.

ఏడాది దాటాక అతని పరీక్ష మామూలుకి వచ్చింది. “తగ్గింది. పోయిందనుకోకండి” అన్నారావిడ. గణేష్‌ది అంతగా తగ్గలేదు. రాత్రి షిఫ్టులు, మెస్సు తిండి, నిద్ర లేకపోవడం. ఆ కాగితం చూసి కుర్రాడు తల దించుకున్నాడు. “పెరగలేదు కదా బాబూ. మీ నాన్నగారికి దొరకని ఏడాది నీకు దొరికింది” అని ఆవిడ అన్నప్పుడు ఏడ్చాడు. తండ్రి పోయాక అతను ఏడవడం నేను అప్పుడే చూశాను. ఇప్పుడు తనతో పనిచేసే నలుగురిని పోగేసి, గది దగ్గర వాలీబాల్ నెట్టు కట్టానని చెప్పాడు.

పైడినాయుడు మారలేదు. మాత్రలు ఒక వారం వేసుకుంటాడు, ఒక వారం మానేస్తాడు. చూపు మందగించింది. ఆ మధ్య ఊరికి వెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి గడ్డం గీశాను. కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం రమ్మన్నాను. “రాసిపెట్టినట్టు అవుతాదిరా నాయనా” అన్నాడు. ఆయన్ని తలచుకుంటే, చెప్పడం మా చేతిలో ఉంది గాని వినేలా చెయ్యడం మా చేతిలో లేదని ఒప్పుకోవాల్సి వస్తుంది.

ఎవరి మెడ వెనక భాగం వాళ్ళకి కనబడదు. వెనక నిలబడినవాళ్ళే చెప్పాలి. అలా నిలబడే పని నాది. పని పూర్తయ్యాక వెనక చిన్న అద్దం పట్టి కట్టింగు చూపించడం మా సెలూన్లలో అలవాటు. ఇదివరకు బాగుందా అని అడిగి, తల ఊపగానే అద్దం తీసేసేవాణ్ణి. ఇప్పుడు షాపులో వేరే మనిషి లేకపోతే, అవసరమనిపించిన మనిషికి అద్దాన్ని కొంచెం కిందకి దించి పడతాను. అతను తన మెడని తను చూసుకుని, “ఇదేటి బావా?” అని అడిగేదాకా ఆగుతాను.