తేలు మంత్రం సుంకులమ్మ

నందవరం దగ్గర మా ఊళ్లో ఎవరికి తేలు కుట్టినా మొదట పరుగెత్తేది సుంకులమ్మవ్వ ఇంటికే. పత్తి చేలల్లో కూలి చేసుకుని బతికే మనిషి. తేలు మంత్రం అత్త దగ్గర నేర్చుకుంది. మంత్రం పట్టినవాళ్లు తేలును చంపకూడదని నియమం. ఇంట్లో కనిపిస్తే పట్టకారుతో ఎత్తి దూరంగా రాళ్లలో వదిలి వచ్చేది. ఒకసారి తెల్లటి పిల్లలను వీపు మీద మోస్తున్న తల్లితేలును నాకు చూపించి, బొద్దింకల్నీ కీచురాళ్లనూ తిని మనకు మేలే చేస్తుందని దాన్ని వెనకేసుకొచ్చింది. బడిలో సైన్సు చెప్పేవాణ్ణి కదా, ఆమె మంత్రాన్ని నేను నవ్వి కొట్టిపారేసేవాణ్ణి.

పోయిన ఎండాకాలం ఓ పొద్దున పొయ్యిలోకి పత్తికట్టె తీయబోయి మా ఆరేళ్ల కూతురు దివ్య కెవ్వుమంది. కుట్టిన తేలు కట్టెల్లోకి దూరింది, రంగు ఎవరూ చూడలేదు. నా సైన్సంతా గాలికి పోయింది. పిల్లను భుజాన వేసుకుని అవ్వ గుమ్మంలో పడ్డాను.

వేపమండ పట్టుకుని కూర్చుని, ఎర్రదా నల్లదా అని అడిగింది. నల్లది పెద్దది, కుడితే మంటే గాని ప్రాణానికి ముప్పు తక్కువ. చిన్న ఎర్రదాని విషం గుండెను పట్టుకుంటుంది, పసిపిల్లలకైతే మరీనూ. తెలియదన్నాను. అంతలో దివ్య ఏడుపు ఆపేసింది. తగ్గిందనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. అవ్వ ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. పిల్ల నుదుటి చెమట తుడిచి, అరచేతులు పట్టి చూసి, వేపమండ కింద పడేసింది.

"సేతులు సల్లగుండాయి. ఎర్రదే ఇది. నేను మంత్రం ఏయను. ఎమ్మిగనూరు ఆస్పత్రికి పోదాం పా."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను ఆమె కాళ్లు పట్టుకున్నాను. దారిలో ఏమైనా అయితే ఎలా, ఒక్కసారి మంత్రం వేసి చూడమని బతిమాలాను. వాకిట్లో జనం పోగయ్యారు. అంతమంది ముందూ ఆమె అంది, "నా మంత్రంలో ఏమీ లేదప్పా. నల్లదాని నొప్పి దానంతటదే దిగుతాది."

ఆటోలో దివ్య రెండుసార్లు వాంతి చేసుకుంది. దాని గుండె నా చేతి కింద దడదడ కొట్టుకుంటోంది. బిడ్డ దక్కదేమోనన్న భయంతో ఇంకా వేగంగా పొమ్మని ఆటోవాడి మీద అరిచాను. ఎదురుగా కూర్చున్న అవ్వ పిల్ల అరచేతులు రుద్దుతూనే ఉంది.

సాయంత్రానికి పిల్ల చేతులు వెచ్చబడ్డాయి. వేళకు తీసుకొచ్చారు, ఇక భయం లేదని డాక్టరు చెప్పాడు. బయట మెట్ల మీద ఉన్న అవ్వకు ఆ మాట చెప్పాను. సంతోషిస్తుందనుకుంటే ఆమె ముఖాన కొంగు కప్పుకుంది. ఆమె కొడుకు మారెప్ప ఎనిమిదేళ్లప్పుడు తేలు కుట్టి పోయాడని ఊళ్లో అందరికీ తెలుసు. ఆనాడు మంత్రం వేసింది ఎవరని ఎవరూ అడగలేదు.

"వేళకు తెచ్చినందుకే బతికిందనినాడా అప్పా?" అని అడిగింది. నేను తలూపాను.

"మా మారెప్పకు నేను పొద్దు గూకేదాక మంత్రం ఏస్తానే కూసున్నా."