వసారా చివర అంబలి గిన్నె

మా అత్తని తలుచుకుంటే నాకు వసారా చివర పెట్టిన చోడంబలి గిన్నె గుర్తొస్తుంది. అరవైల చివర, నేను కాపురానికి వెళ్లిన ఏడాదే మావకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. శ్రీకాకుళం డాక్టరు ఆయన్ని ఊరికే కూర్చోనివ్వద్దన్నాడు. అప్పట్నుంచీ మంచం ఈ చివర, అంబలి ఆ చివర.

"లెగు మావా," అనేది అత్త.

ఆయన గోడ పట్టుకుని కాలీడ్చుకుంటూ వెళ్లి తాగేవాడు. ఎంత రాతి గుండె ఈవిడది అనుకునేదాన్ని.

ఒకసారి తన చెల్లెలికి బాగోలేదని అత్త భావనపాడు వెళ్లి నెల్రోజులుంది. ఇంటి పెద్దని లేపి నడిపించడం కోడలికి తగదని మా అమ్మ నేర్పిన మర్యాద. అన్నీ మంచం దగ్గరికే అందించాను.

అత్త తిరిగొచ్చి గిన్నె చివర పెట్టి, "లెగు మావా," అంది. మావ లేవబోయి కూలబడ్డాడు. ఎడమచెయ్యి నా వైపు చాపాడు.

"ఏటే, అన్నీ సేతికందించీసినావా?"

తలూపాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వెళ్లి గిన్నె తెచ్చి మంచానికి ఒక్క అడుగు దూరంలో పెట్టింది.

"లెగు మావా."

ఆ గిన్నె మళ్లీ వసారా చివరిదాకా ఎప్పుడూ వెళ్లలేదు.