ఇంగోసారి నడువు మామా

మా మేనత్త కొడుకు సినిమాలకూ గేములకూ కంప్యూటర్లో వేరే గ్రహాల జంతువులను తయారుచేస్తాడు. ఎముకా, కండా, బరువూ లెక్క కుదరకపోతే చూసేవాళ్ళు నమ్మరంటాడు. మా ఊరు పత్తికొండకు వచ్చినప్పుడు ఎవరి ముఖమూ చూడడు. మోకాళ్ళు చూస్తాడు, మెడలు చూస్తాడు.

మా నాయనకు పక్షవాతం వచ్చిందని తెలిసి వచ్చాడు. ఎట్లుండావని కూడా అడగలేదు.

"మామా, గేటు దాకా నడిచిరా" అన్నాడు.

నాయన తుంటి ఎగరేసి, కుడికాలు ఈడ్చుకుంటూ పోయి వచ్చాడు. బావ ఫోన్‌లో వీడియో తీస్తూ, "ఇంగోసారి నడువు మామా" అన్నాడు. మేనల్లుడు తన బాగు కోరి నడిపిస్తున్నాడనుకున్నాడు నాయన. చొక్కా తడిసిపోయేదాకా నడిచాడు.

ఏడాది తర్వాత బావ ఒక వీడియో పంపాడు. ఒంటి బరువు ఎక్కువయ్యే ఏదో గ్రహం మీద బూడిదరంగు జంతువొకటి తుంటి ఎగరేసి, కాలు ఈడ్చుకుంటూ పోతోంది. మా పిల్లలు పడీపడీ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, "అది నేనే గదమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఎవరి ముందూ లేచి నడవలేదు.

ఫోన్ చేసి అరిచాను. బావ నొచ్చుకోలేదు.

"ఊరికే గీస్తే రాదు ఆ నడక. శానామంది మెచ్చుకున్యారు. మామకు చెప్పు" అన్నాడు.

నాయన పోయిన రోజు బావ అందరికంటే ముందే వచ్చాడు. శవం పక్కన కూర్చుని ఏడుస్తూ నేను తలెత్తితే, ఎదురుగా నిలబడి నా నోటినే చూస్తున్నాడు.

కొంగుతో నోరు మూసుకుని ఏడ్చాను.