డాంబర్ రోడ్డు రంగు చందమామ

కుదరబోతున్న పెళ్లిని ఒక్క మాటతో చెడగొట్టుకోవడం ఎట్లాగో తెలుసుకోవాలనుకునేవారు కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. నేను చేసి చూశాను.

అప్పుడే కరీంనగర్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరాను. తెలిసిన నాలుగు ముక్కలు కడుపులో నిలవక, బస్సులో పక్కన కూర్చున్నవాడికి కూడా పాఠం చెప్పే రోజులు. లక్సెట్టిపేటలో సునీత అనే టీచరమ్మ సంబంధం ఉందంటే మా నాన్నతో, అదే మా బాపుతో కలిసి చూడటానికి పోయాను.

వాళ్ల చర్చి పెద్దాయన ప్రార్థన చేశాడు. చాయ్ వచ్చింది. చాయ్ వెనుక సునీత వచ్చింది. బాగుంది. చాలా బాగుంది. అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే మీకీ కథ దక్కేది కాదు.

సునీత మేనత్త రత్నమ్మ మురిసిపోతూ, "మా పిల్ల మొకం సూడుండ్రి, అచ్చం చందమామ," అన్నది.

తలాడించాల్సింది. నేను గొంతు సవరించుకున్నాను.

"నిజానికి చందమామది డాంబర్ రోడ్డు రంగు, అమ్మా."

బాపు నా కాలు తొక్కాడు. ప్రోత్సాహం అనుకున్నాను. చంద్రుడంతా రాయీ దుమ్మేనని, ఆ మచ్చలు ఒకప్పుడు కరిగి పారి గడ్డకట్టిన నల్లరాయని, మన ఆదిలాబాద్ చేలల్లో దొరికే రాయి జాతేనని వివరించాను. అదెట్లా తెలుసని ఎవరూ అడగలేదు. అయినా చెప్పాను. వ్యోమగాములు అక్కడి రాళ్లు మోసుకొచ్చారట, వాటిని ఉల్లిపొరకన్నా పలచగా అరగదీసి మైక్రోస్కోపులో చూశారట. అక్కడే వదిలి వచ్చిన యంత్రాలు చంద్రుడు అదిరినప్పుడల్లా కబురు పంపితే, పుచ్చకాయను తట్టి చూసినట్టు, లోపలేముందో పోల్చుకున్నారట. సునీత బుగ్గ మీది పుట్టుమచ్చను చూస్తూ మచ్చల సంగతి రెండోసారి చెప్పానని బాపు ఇప్పటికీ అంటాడు.

రత్నమ్మ ముఖం మాడిపోయింది. పిలగాడు మన బిడ్డను నల్లరాయి అంటున్నాడని తన అన్న చెవిలో, ఇల్లంతా వినపడేలా, గుసగుసలాడింది. ఆ అన్న, అంటే సునీత తండ్రి, కప్పు కింద పెట్టి కబురు చేస్తామన్నాడు. చేయరని అర్థం. బాపు లేచి చెప్పులు వేసుకున్నాడు. అప్పటిగ్గానీ నేనేం చేశానో నాకర్థం కాలేదు.

అంతవరకూ తలెత్తని సునీత, "జర ఆగు బాపూ, ఒక్కటి అడుగుత," అని వాళ్ల నాన్నతో చెప్పి నావైపు తిరిగింది. "డాంబర్ రోడ్డు లెక్కుంటే గంత తెల్లగ ఎట్ల కనవడ్తది సార్?"

"మీద ఎండ పడ్తది, సుట్టూత చిమ్మచీకటి ఉంటది. నల్లటిదాని పక్కపొంటి ఏదున్నా మెరుస్తది," అన్నాను, ఈసారి చిన్న గొంతుతో.

ఆమె నన్ను తల నుంచి కాలి దాకా చూసింది. నా రంగు విషయంలో మా అవ్వ కూడా అబద్ధమాడదు.

"గట్లయితె మంచిదే బాపూ. గీ సారు పక్కపొంటి నిలబడితె నేనెప్పటికి మెరుస్తనే ఉంట."

ముందుగా నవ్వింది రత్నమ్మే. బాపు చెప్పులు విడిచి మళ్ళీ కూర్చున్నాడు.

పెళ్లి ఫోటోల్లో సునీత నిజంగానే మెరుస్తుంది. ఇకమీదట ఎవరు నా భార్యను చందమామతో పోల్చినా, ఆ చందమామ పాలకోవాతో చేసిందే అన్నా సరే, తలాడించి ఊరుకుంటానని సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చంద్రుణ్ని సాక్ష్యం అడగడానికి నాకు మొహం లేదు.